థిన్ క్లయింట్ కంప్యూటర్లు: డబ్బా తర్వాత, ముందు సర్వర్ సంగతి చూడండి

2025 అక్టోబర్ 14న విశాఖ పేరు దేశమంతా మోగింది. ఇక్కడ ఏఐ హబ్, డేటా సెంటర్ పెడతామని, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు ఖర్చు చేస్తామని గూగుల్ ప్రకటించింది. సరిగ్గా అదే రోజు ఇంకో సంగతి కూడా జరిగింది, దాన్ని మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. మొదటి వార్త వల్ల రేపు పొద్దున మన ఇంట్లో మారేదేమీ లేదు. రెండో దానివల్ల మాత్రం మారుతుంది. ఆఫీసులు పాత మెషిన్లు తీసేస్తుంటే అవి సెకండ్ హ్యాండ్ షాపులకీ, ఆన్‌లైన్ అమ్మకాలకీ చేరుతున్నాయి. వాటిలో పుస్తకం సైజులో ఉండే నల్ల డబ్బాలు కూడా ఉంటాయి. "చిన్న సీపీయూ, కరెంటు తక్కువ, చప్పుడు ఉండదు, పిల్లల చదువుకి భేష్" అని చెప్పి అమ్ముతారు. వాటినే థిన్ క్లయింట్లు అంటారు.

మంచి సరుకే. కానీ ఏది కొంటున్నామో తెలియకుండా కొంటే టేబుల్ మీద పేపర్‌వెయిట్ అవుతుంది. ఇంట్లో ఒకటి కొని పోగొట్టుకుంటే ఒక నెల జీతంలో కొంత పోయినట్టు. స్కూలు కమిటీ చందా డబ్బుతో ఇరవై కొని పోగొట్టుకుంటే నలుగురికీ జవాబు చెప్పుకోవాలి. అందుకే కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది.

అసలు ఇదేంటి?

రైల్వే రిజర్వేషన్ కౌంటర్ దగ్గర లైన్లో నిలబడిన వాళ్ళందరికీ థిన్ క్లయింట్ పరిచయమే, పేరే తెలియదు. కౌంటర్లో క్లర్కు ముందు ఉండేది తెర, కీబోర్డు. బెర్త్ ఖాళీ ఉందా లేదా అన్న లెక్క అక్కడ జరగదు. దేశంలో ఐదు చోట్ల ఉన్న పెద్ద రిజర్వేషన్ కేంద్రాల్లో జరుగుతుంది, వాటిలో ఒకటి మన సికింద్రాబాద్. కౌంటర్లో ఉన్న మెషిన్ అడుగుతుంది, పెద్ద మెషిన్ జవాబిస్తుంది. లింక్ పోయిందంటే క్లర్కు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే, ఆ దృశ్యం మీరూ చూసే ఉంటారు.

థిన్ క్లయింట్ కూడా అంతే. పని చేసే కంప్యూటర్ వేరే చోట ఉంటుంది, దాన్ని సర్వర్ అంటాం. మీ ముందున్న డబ్బా ఆ సర్వర్ తెరని మీకు చూపిస్తుంది, మీరు కొట్టిన అక్షరాన్ని అక్కడికి పంపిస్తుంది. బ్యాంకులు, కాల్ సెంటర్లు వీటిని ఇష్టపడేది ఇందుకే. డేటా అంతా ఒక్కచోట ఉంటుంది, డబ్బా పాడైతే ఇంకోటి పెట్టి పది నిమిషాల్లో పని మొదలెట్టొచ్చు.

కాబట్టి షాపులో డబ్బా చేతిలోకి తీసుకోకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మన సర్వర్ ఎక్కడ, దాన్ని ఎవరు చూసుకుంటారు? దీనికి జవాబు లేకపోతే డబ్బా ఎంత చవగ్గా వచ్చినా దండగే.

మన రాష్ట్రంలోనే జరిగిన కథ

ఇది ఊహించి చెప్పే మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో 5,000 ప్రభుత్వ స్కూళ్ళలో కంప్యూటర్ ల్యాబులు పెట్టే పెద్ద పథకం మొదలైంది. ఆ ల్యాబులకి వాడింది ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికా కంపెనీ పరికరాల్ని. 50,000 సీట్లు, 18 లక్షల మంది పిల్లలు అని ఆ కంపెనీ అప్పట్లో గొప్పగా ప్రకటించుకుంది. అంటే స్కూలుకి సగటున పది సీట్లు. మాసిడోనియా దేశం మొత్తానికి లక్షా ఎనభై వేల సీట్లు ఇచ్చిందీ ఇదే కంపెనీ.

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక మామూలు పీసీ తీసుకుని దాని లోపల ఒక కార్డు బిగిస్తారు. ఆ కార్డు నుంచి నెట్‌వర్క్ కేబుల్ లాంటి తీగలు బయటికొస్తాయి. ఒక్కో తీగ చివర అరచేతిలో పట్టే చిన్న పెట్టె, దానికి మానిటర్, కీబోర్డు, మౌస్. ఒక కార్డుకి ఐదు సీట్ల దాకా వస్తాయి. ఒక్క పీసీలో ఉన్న శక్తిని పిల్లలందరూ పంచుకుంటారు. నోట్‌ప్యాడ్, పెయింట్, వర్డ్ నేర్పడానికి అప్పట్లో ఒక పీసీ శక్తిలో పదో వంతు చాలు. లెక్క సరిగ్గానే వేశారు, పది పీసీలు కొనాల్సిన చోట ఒకటో రెండో సరిపోయాయి.

కానీ ఈ పథకాన్ని ఐదేళ్ల ఒప్పందం మీద పెట్టారు. ప్రైవేటు ఏజెన్సీలు ల్యాబ్ కట్టి, ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టి, నడిపి, గడువయ్యాక స్కూలుకి అప్పగించి వెళ్ళిపోవాలి. 2013లో గడువు ముగిసింది. ఇన్‌స్ట్రక్టర్లు ఇళ్ళకి వెళ్ళారు. చాలా చోట్ల ల్యాబులకి తాళాలు పడ్డాయి. పది సీట్లకి ప్రాణం ఒక్క పీసీలో ఉన్నప్పుడు, ఆ పీసీకి వైరస్ పట్టినా, హార్డ్‌డిస్క్ పోయినా మొత్తం క్లాసు ఆగిపోతుంది. బాగుచేయడం తెలిసిన మనిషే అప్పటికి స్కూల్లో లేడు. పెట్టెలు చెడిపోలేదు, మానిటర్లు చెడిపోలేదు. చూసుకునే చెయ్యి లేదు, అంతే.

నా దృష్టిలో తప్పు ఆ టెక్నాలజీది కాదు. ఐదేళ్ల తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి కాగితం మీద తప్ప జవాబు లేకపోవడమే తప్పు.

పాత మార్కెట్లో ఈ ఎన్‌కంప్యూటింగ్ ఎక్స్ సిరీస్ పెట్టెలు ఇప్పటికీ కనిపిస్తే ఆశపడకండి. వాటి కార్డుకి పాత రకం పీసీఐ స్లాట్ కావాలి, ఇప్పటి మదర్‌బోర్డుల్లో ఆ స్లాట్ దాదాపు కనిపించదు. పైగా అవి ఆ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తాయి. ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దనే నా సలహా.

డబ్బాల్లో రకాలు, మోసపోయే చోట్లు

ఇప్పుడు మార్కెట్లో దొరికేవాటిని మూడు రకాలుగా చూడొచ్చు. ఫొటోలో మూడూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే.

అన్నిటికన్నా ప్రమాదం జీరో క్లయింట్‌తో. దీంట్లో మనం వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు, ఎక్కించడానికీ కుదరదు. ఒకే రకం సర్వర్‌తో మాట్లాడే ప్రత్యేక చిప్ ఉంటుంది, అది లేని చోట అది ఉత్త ప్లాస్టిక్. డెల్ వైస్ 5030, వైస్ పీ25, హెచ్‌పీ టీ310 ఈ కోవలోవే. "పీసీఓఐపీ" అనో "జీరో" అనో స్టిక్కర్ మీద కనిపిస్తే అక్కడే కింద పెట్టేయండి. ఆన్‌లైన్లో మరీ చవగ్గా కనిపించేవాటిలో ఇవి ఎక్కువ.

రెండోది మరీ పాత థిన్ క్లయింట్లు. హెచ్‌పీ టీ5000 వరసలోవి, వైస్ సీ10, వీ10 లాంటివి. వీటిలో వియా కంపెనీ చిప్పులో, పాత ఆటమ్ చిప్పులో ఉంటాయి. చాలావాటికి ర్యామ్ ఒక జీబీ కూడా ఉండదు, 32 బిట్ మెషిన్లు. ఇప్పటి బ్రౌజర్ తెరవాలంటేనే అవస్థ పడతాయి.

మూడోది మనకి పనికొచ్చే రకం. పేరుకి థిన్ క్లయింట్ గానీ లోపల చూస్తే పూర్తి చిన్న కంప్యూటరే. డెల్ వైస్ 5070లో నాలుగు కోర్ల ఇంటెల్ సెలెరాన్ జే4105 గానీ పెంటియం జే5005 గానీ ఉంటుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పెట్టుకోవడానికి రెండు డీడీఆర్4 స్లాట్లు ఉంటాయి. హెచ్‌పీ టీ630లో నాలుగు కోర్ల ఏఎండీ చిప్, అవే రెండు డీడీఆర్4 స్లాట్లు. రెండింట్లోనూ ఫ్యాను లేదు. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్‌ఎస్‌డీ పెడితే సర్వర్ అవసరమే లేకుండా సొంతంగా నడుస్తాయి. ఇంటికి కొనేవాళ్ళు ఈ రకం దాటి వెళ్ళక్కర్లేదు.

ఇక్కడో చిన్న తికమక ఉంది. ఈ రెండింట్లోనూ ఎం.2 ఎస్‌ఎస్‌డీ పడుతుంది, కానీ సాటా రకమే పనిచేస్తుంది. ఈ రోజుల్లో షాపులో ఎం.2 అని అడిగితే చేతికిచ్చేది ఎన్‌వీఎంఈ రకం. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బిగించాక మెషిన్ గుర్తుపట్టదు. "ఎం.2 సాటా" అని నోరు తెరిచి అడగండి.

వైస్ 3040 అని మరీ చిన్నది ఇంకోటి ఉంది, అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది. చాలా చవక. ర్యామ్ 2 జీబీ, బోర్డుకి అతికించేసి ఉంటుంది, పెంచలేం. స్టోరేజ్ 8 లేదా 16 జీబీ. దీన్ని ఇంట్లో సొంత కంప్యూటర్‌గా వాడాలనుకుంటే పిల్లలు రెండో రోజే వదిలేస్తారు. సర్వర్ ఉన్న స్కూల్లో తెరగా అయితే పర్వాలేదు. దీనికి 5 వోల్టుల అడాప్టర్‌తో వచ్చిన మోడల్ ఒకటి, 12 వోల్టులది ఒకటి ఉన్నాయి. 5 వోల్టులదానికి 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే బోర్డు పోవచ్చు. అడాప్టర్ లేకుండా ఒట్టి డబ్బా అమ్మేవాళ్ళ దగ్గర ఈ మోడల్ కొనకండి.

ఇంటికైతే

ఇంట్లో టెన్త్ చదివే అమ్మాయి, ఇంటర్ అబ్బాయి, సాయంత్రం కరెంటు బిల్లు కట్టుకునే అబ్బా, యూట్యూబ్‌లో బయాన్ వినే అమ్మీ. ఇంతమందికి పైన చెప్పిన 5070 లాంటిది ఒకటి, లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకుంటే సరిపోతుంది. ఆన్‌లైన్ క్లాసు, గూగుల్ డాక్స్, లిబ్రే ఆఫీస్, స్కాలర్‌షిప్ ఫారాలు, పైథాన్ నేర్చుకోవడం అన్నీ అవుతాయి.

అవ్వనివి కూడా చెప్పాలి. పాలిటెక్నిక్‌లో చదివే పిల్లాడికి ఆటోక్యాడ్ కావాలంటే ఇది వద్దు. ట్యాలీ నేర్చుకుని షాపులో లెక్కలు రాసే పనికి వెళ్ళాలనుకుంటే విండోస్ ఉన్న మెషినే కావాలి. హెచ్‌పీ టీ630 చిప్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. ఎవరైనా "వేసిచ్చాం భాయ్" అంటే అడ్డదారిలో వేసినట్టే, అప్‌డేట్లు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. గేములు అడిగే పిల్లలకి ముందే చెప్పేయండి, కొన్నాక గొడవ పడేకన్నా.

ధర దగ్గర ఒక కొలత పెట్టుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఈ రోజు రాసిన అంకె వచ్చే నెలకి పనికిరాదు. డబ్బా, అడాప్టర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మానిటర్ వైరు అన్నీ కలిపి కూడండి. ఆ మొత్తం బిల్లుతో, ఆరు నెలల వారంటీతో వచ్చే రిఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్ ధరకి దగ్గరైతే, మారుమాట లేకుండా డెస్క్‌టాపే కొనండి. థిన్ క్లయింట్ అన్న పేరులో బరకత్ ఏమీ లేదు.

2025లో వచ్చిన జియోపీసీ లాంటివి కూడా ఈ కోవలోవే. సెట్‌టాప్ బాక్స్ థిన్ క్లయింట్ అవుతుంది, కంప్యూటర్ కంపెనీ వాళ్ళ డేటా సెంటర్లో ఉంటుంది, నెలకింత అని కడతాం. కొనే భారం లేదు, చెడిపోతే మన బాధ్యత కాదు. కానీ నెట్ పోతే కంప్యూటర్ కూడా పోయినట్టే, చందా ఆపితే మిగిలేది టీవీ. పరీక్షల ముందు మూడు నాలుగు నెలలకి కావాలంటే ఆలోచించవచ్చు. మూడేళ్లు కడితే ఎంతవుతుందో ముప్పై ఆరుతో గుణించి చూసుకుని దిగండి.

స్కూలు, ట్యూషన్ సెంటర్, మక్తబ్‌కి అయితే

ఇక్కడే థిన్ క్లయింట్ అసలు విలువ తెలుస్తుంది. ఇరవై మెషిన్లలో ఇరవై సార్లు సాఫ్ట్‌వేర్ వేయడం, ఇరవై సార్లు వైరస్ తుడవడం ఉండదు. సర్వర్లో ఒకసారి వేస్తే చాలు.

దీనికి ఉచితంగా దొరికే దారి ఎల్‌టీఎస్‌పీ, అంటే లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్. 1999లో మొదలైంది, 2019లో మొత్తం కొత్తగా రాశారు, ఇప్పటికీ స్కూళ్ళలో నడుస్తోంది. క్లయింట్‌లో హార్డ్‌డిస్క్ కూడా అక్కర్లేదు. స్విచ్ వేయగానే అది నెట్‌వర్క్ కేబుల్ గుండా సర్వర్‌ని అడిగి, అక్కడి నుంచే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చుకుని లేస్తుంది. పిల్లాడు ఏ సీట్లో కూర్చున్నా తన పేరు, పాస్‌వర్డ్ కొడితే తన ఫైళ్ళే వస్తాయి.

దీన్ని రెండు విధాలుగా వాడొచ్చు, కొనే సరుకు దీన్నిబట్టే మారుతుంది. ఒకటి, లెక్కంతా సర్వర్‌లోనే జరగడం. అప్పుడు క్లయింట్ బలహీనమైనా పర్వాలేదు, సర్వర్ మాత్రం గట్టిది కావాలి. బ్రౌజర్ తెరిచే ఒక్కో పిల్లాడికి ఒకటి, ఒకటిన్నర జీబీ ర్యామ్ లెక్కేసుకోండి. పది మందికి 16 జీబీ, ఇరవై మందికి 32 జీబీ. ఇందులో చిక్కు వీడియోతో వస్తుంది. పది మంది ఒకేసారి యూట్యూబ్ పాఠం పెడితే తెర తడబడుతుంది. రెండోది, సిస్టమ్ సర్వర్ నుంచి వచ్చినా లెక్క మాత్రం క్లయింట్ తన చిప్‌తో తానే చేసుకోవడం. అప్పుడు క్లయింట్‌లో 4 జీబీ ర్యామ్, రెండు కోర్లు ఉండాలి. సర్వర్ పాత ఆఫీస్ పీసీ అయినా చాలు, అందులో ఎస్‌ఎస్‌డీ, గిగాబిట్ పోర్టు ఉంటే. ఇప్పుడు ల్యాబ్ పెట్టేవాళ్ళకి నేను ఈ రెండోదే చెబుతాను. పాఠాలు సగం వీడియోలోనే ఉంటున్నాయి మరి.

వైఫైతో ల్యాబ్ పెడదామని అనకండి. క్లయింట్లు నెట్‌వర్క్ నుంచి లేవాలంటే కేబుల్ కావాలి. గిగాబిట్ స్విచ్, క్యాట్6 కేబుల్ తీసుకోండి. కేబుల్ మీద మిగిల్చిన రెండు వేలు తర్వాత ప్రతి వారం తలనొప్పిగా తిరిగొస్తాయి.

విండోసే కావాలని పట్టుబట్టే కమిటీలు ఒక సంగతి తెలుసుకోవాలి. ఒక విండోస్ సర్వర్ మీద పది మంది కూర్చోవాలంటే సర్వర్ లైసెన్స్ ఒక్కటే చాలదు, కూర్చునే ప్రతి ఒక్కరికీ రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్స్ విడిగా కొనాలి. అమ్మేవాళ్ళు ఆ మాట ఎత్తరు. కొటేషన్‌లో ఆ లైను కనిపించకపోతే, కనిపించేదాకా సంతకం పెట్టొద్దు. కేరళ ప్రభుత్వ స్కూళ్ళు ఏళ్ల తరబడి లినక్స్ మీదే లక్షల మంది పిల్లలకి నేర్పిస్తున్నాయి, మన దగ్గర స్వేచ్ఛ లాంటి సంస్థలు తెలుగులో లినక్స్ కోసం పనిచేస్తున్నాయి. లినక్స్ అంటే భయపడే రోజులు పోయాయి.

ఉర్దూ, తెలుగు టైపింగ్

ఇది మన ఇళ్ళకి ప్రత్యేకంగా కావాల్సిన విషయం, ఏ షాపువాడూ చెప్పడు. లినక్స్‌లో తెలుగు, ఉర్దూ రెండు కీబోర్డులూ ముందే ఉంటాయి, ఆన్ చేసుకోవడమే. ఉర్దూకి ఫొనెటిక్ లేఅవుట్ ఉంది. నస్తాలీక్‌లో చదవాలంటే నోటో నస్తాలిక్ ఉర్దూ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఒకే వాక్యంలో కుడి నుంచి ఎడమకి ఉర్దూ, ఎడమ నుంచి కుడికి తెలుగు రాసినా తిప్పలు పడక్కర్లేదు.

అయితే డీటీపీ వేరు. పెళ్ళి కార్డులు, ఉర్దూ పత్రికల పేజీలు ఇప్పటికీ ఇన్‌పేజ్‌లో, తెలుగు పేజీలు అను ఫాంట్స్‌తో చేసేవాళ్ళు చాలామంది. రెండూ విండోస్ సరుకే. ఎన్‌సీపీయూఎల్ వాళ్ళ ఏడాది కంప్యూటర్ డిప్లొమాలో బహుభాషా డీటీపీ కూడా ఒక భాగం, ఆ కోర్సు చేసిన పిల్లలకి ఈ పనే బతుకుతెరువు కావచ్చు. కాబట్టి ఇరవై సీట్లలో రెండు మాత్రం విడిగా విండోస్ పీసీలు ఉంచి, మిగతావి థిన్ క్లయింట్లు పెట్టడం తెలివైన పని. పాత ఇన్‌పేజ్ ఫైళ్ళు యూనికోడ్‌లో ఉండవు, కన్వర్టర్‌తో మార్చాలి. ల్యాబ్ మార్చే ముందే ఆ పని చేసి పెట్టుకోండి.

కరెంటు, ఉప్పుగాలి, బొగ్గుపొడి

ఇరవై మామూలు పీసీలు ఒక్కోటి 80 వాట్లు అనుకుందాం. రోజుకి ఆరు గంటలు, నెలకి 25 రోజులు నడిపితే 240 యూనిట్లు. 12 వాట్ల థిన్ క్లయింట్లు ఇరవై అయితే 36 యూనిట్లు, 100 వాట్ల సర్వర్‌కి ఇంకో 15. మొత్తం 51. మానిటర్ల ఖర్చు రెండు చోట్లా ఒకటే కాబట్టి వదిలేశాను. ఈపీడీసీఎల్ బిల్లు చూసినప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

అంతకన్నా పెద్ద లాభం కరెంటు పోయినప్పుడు. పది సీట్ల ల్యాబ్‌లో క్లయింట్లు, ఎల్‌ఈడీ మానిటర్లు, సర్వర్, స్విచ్ అన్నీ కలిపినా 420 వాట్ల దగ్గరే ఉంటుంది. ఇంట్లో పెట్టుకునే ఇన్వర్టర్ దాన్ని మోస్తుంది. పది డెస్క్‌టాపులని మోయలేదు. సర్వర్‌కి మాత్రం విడిగా చిన్న యూపీఎస్ తప్పనిసరి, ఇన్వర్టర్ మారే ఆ అర సెకనులో సర్వర్ రీస్టార్ట్ అయితే ఇరవై మంది పని పోతుంది.

విశాఖలో యంత్రాల్ని తినేసేది రెండు. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, పోర్టు చుట్టుపక్కల దిగే బొగ్గుపొడి. వన్‌టౌన్‌లో, దర్గాకొండ చుట్టూ ఉండేవాళ్ళకి కిటికీ అంచు మీద వేలు పెడితే చాలు, చెప్పక్కర్లేదు. గాజువాక వైపు స్టీల్ ప్లాంట్ దుమ్ము ఇంకో రకం. ఫ్యాను ఉన్న సీపీయూ రోజంతా ఆ దుమ్ముని లోపలికి లాక్కుంటుంది, తేమ తగిలితే అది పేస్టులా అతుక్కుపోతుంది. ఫ్యాను లేని థిన్ క్లయింట్‌లోకి వెళ్ళేది చాలా తక్కువ. మన ఊళ్ళో వీటిని ఇష్టపడటానికి నాకు కరెంటు కన్నా ఇదే పెద్ద కారణం. అలాగని అజాగ్రత్త వద్దు. ఫ్యాను లేదు కాబట్టి వేడి గోడల గుండానే పోవాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, రేకుల షెడ్డులో అయితే నిలబెట్టి, చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. ఏడాదికోసారి విప్పి ర్యామ్ అంచులని రబ్బరుతో తుడిస్తే ఉప్పు పొర పోతుంది. సెలవుల్లో వారాల తరబడి ఆఫ్ చేసి ఉంచేకన్నా వారానికోసారి గంటసేపు ఆన్ చేయడం మంచిది.

షాపులో నిలబడినప్పుడు

ఊళ్ళో కొన్నా, సికింద్రాబాద్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్ళినా, డబ్బులిచ్చే ముందు మెషిన్ ఆన్ చేయించండి. "భాయ్, ఒకసారి బయోస్ తెరిచి చూపించండి" అని అడగండి. ఆఫీసుల నుంచి వచ్చిన థిన్ క్లయింట్లకి బయోస్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. అది తెలియకపోతే పెన్‌డ్రైవ్ నుంచి గానీ నెట్‌వర్క్ నుంచి గానీ వేరే సిస్టమ్ ఎక్కించలేం. "ఇంటికెళ్ళి చూసుకోండి, ఓపెన్ అవుతుంది" అంటే అవ్వదనే అర్థం.

తర్వాత వెనక పోర్టులు చూడండి. వీటిలో చాలావాటికి డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత మానిటర్‌కి వీజీఏ. మధ్యలో కన్వర్టర్ కావాలి, ఇరవై సీట్లకి ఇరవై కన్వర్టర్లు. ఆ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో అడగండి. అడాప్టర్ ఆ కంపెనీదేనా, స్టిక్కర్ మీద వోల్టులు సరిపోతున్నాయా చూడండి. యూఎస్‌బీ పోర్టులన్నింట్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, తీరప్రాంతంలో వాడిన మెషిన్లకి ముందు తుప్పు పట్టేది అక్కడే.

స్కూలుకైతే ఇరవై ఒకేసారి కొనొద్దు. రెండు కొని, సర్వర్ పెట్టి, పిల్లలతో ఒక నెల నడిపించండి. నచ్చితే అదే మోడల్ మిగతావి కొనండి, ఇరవైకి బదులు ఇరవై రెండు. ఆ రెండు స్పేర్. రకరకాల మోడళ్ళు కలిపితే ఒక్కోదానికి ఒక్కో చిక్కు వస్తుంది. జీఎస్టీ బిల్లు కమిటీ పేరు మీద తీసుకోండి, చందా ఇచ్చిన వాళ్ళు అడిగితే చూపించడానికి.

సర్వర్ చూసుకోవడానికి ఇద్దర్ని తయారుచేయండి, ఒక్కరిని కాదు. ఒకరు స్కూల్లో పనిచేసే టీచర్ అయితే, ఇంకొకరు మహల్లాలో ఉండే డిగ్రీ కుర్రాడో అమ్మాయో కావచ్చు. ల్యాబ్ పెట్టిన మనిషి వెళ్ళిపోకముందే అతని ఎదుటే, ఆ ఇద్దరి చేత సర్వర్‌ని మొత్తం తుడిపించి, మళ్ళీ మొదటి నుంచి వేయించండి. వాళ్ళ చేతులతో ఒకసారి లేస్తే రెండోసారీ లేస్తుంది. అప్పుడే చివరి పేమెంట్ ఇవ్వండి. సర్వర్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, కవర్‌లో సీలు వేసి, కమిటీ రిజిస్టర్‌తో పాటు బీరువాలో పెట్టండి. పిల్లల ఫైళ్ళ కాపీ ప్రతి శుక్రవారం ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోండి, ఆ డిస్క్ మాత్రం స్కూల్లో ఉంచకుండా ఎవరి ఇంట్లోనైనా పెట్టండి.